గోల్‌కీపర్‌ను గెలుపులతో కొలవకండి

[తెరపై: బ్రొడూర్ 691, లువాంగో 489]

నమస్కారం. ఈ ఇద్దరు ఐస్ హాకీ గోల్‌కీపర్లలో ఎవరు గొప్ప అంటే, ఈ రెండు అంకెలూ చూపించి "ఇక వాదన అనవసరం" అనేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మార్టిన్ బ్రొడూర్ ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 691 మ్యాచ్‌లు గెలిచాడు, లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పును మూడుసార్లు ఎత్తాడు. రాబర్టో లువాంగోకు 489 గెలుపులు. ఆటగాడిగా ఒక్క కప్పూ లేదు. సరే. కానీ ఓటముల పట్టిక కూడా తెరవండి. అక్కడా మొదటి పేరు బ్రొడూర్‌దే: 397. మరి చరిత్రలో అందరికన్నా చెత్త గోల్‌కీపర్ అతనే అందామా? అనరు. ఓటమి అయితే జట్టుది, గెలుపు మాత్రం గోల్‌కీపర్‌ది!

2003–04 సీజన్‌కు వెళదాం. నాకు ఈ ఒక్క సీజన్ చాలు.

[తెరపై: ఇద్దరి అంకెలు పక్కపక్కన]

న్యూజెర్సీ డెవిల్స్ గోల్‌లో బ్రొడూర్. 75 మ్యాచ్‌లు, 1,845 షాట్లు, 154 గోల్స్. అంటే నూటికి 91.7 ఆపాడు. ఫ్లోరిడా పాంథర్స్ గోల్‌లో లువాంగో. 72 మ్యాచ్‌లే, కానీ 2,475 షాట్లు, 172 గోల్స్. నూటికి 93.1 ఆపాడు. లెక్కకు 2,303 షాట్లు. ఒక సీజన్‌లో అన్ని ఆపినవారు మరొకరు లేరు. ఫలితం? బ్రొడూర్‌కు 38 గెలుపులు, ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే వెజినా ట్రోఫీ. లువాంగోకు 25 గెలుపులు, 33 ఓటములు, ఆ ట్రోఫీ ఓట్లలో మూడో స్థానం.

నేను దీన్ని ఇలా చూస్తాను. బ్రొడూర్ చూరు కింద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. లువాంగో నడివీధిలో, జడివానలో నిలబడ్డాడు. ఎవరి చొక్కా ఎక్కువ తడిసిందో చూసి ఎవరి గొడుగు మంచిదో తేల్చేశారు.

ఇద్దరినీ చోట్లు మార్చి చూద్దాం. లువాంగో అదే సేవ్ శాతంతో, అంటే నూటికి అన్నే షాట్లు ఆపుతూ, చూరు కిందికి వస్తే 1,845 షాట్లకు సుమారు 128 గోల్స్ పడతాయి. బ్రొడూర్ వీధిలోకి వెళితే 2,475 షాట్లకు 206 పైమాటే. ఇది కాగితం మీది లెక్కే, ఒప్పుకుంటాను. కానీ గెలుపులు లెక్కపెట్టడం కన్నా నయం.

ఆగండి, బ్రొడూర్ అభిమానులు ఇప్పటికే కోపంగా ఉంటారు. వారికి ఒక బలమైన వాదన ఉంది, అది నేనే చెబుతాను. ఆ చూరులో కొంత భాగం అతను కట్టుకున్నదే. స్కాట్ స్టీవెన్స్, నీడర్‌మేయర్ లాంటి డిఫెన్స్ ఉన్న మాట నిజం. కానీ బ్రొడూర్ గోల్ వదిలి వెనక్కి వెళ్లి, మూలల్లో పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ల) అందుకుని, తన వాళ్లకు పంపేవాడు. ప్రత్యర్థి దాడి అక్కడే చచ్చిపోయేది. వేయని షాట్‌ను ఆపినట్టు ఎవరు రాస్తారు? చివరికి 2005లో లీగ్ గోల్ వెనుక రెండు గీతలు గీసి, ఆ మూలల్లో గోల్‌కీపర్ పక్ ముట్టకూడదని నియమం పెట్టింది. దాన్ని చాలామంది బ్రొడూర్ రూల్ అనే పిలుస్తారు. ఏ సేవ్ శాతంలోనూ ఈ పని కనబడదు. కాబట్టి ఆ సీజన్‌లో లువాంగోనే మెరుగు అంటాను గానీ, మొత్తం కెరీర్ మీద అంత గట్టిగా అనను.

ఇంకో చిక్కు. వాన ఎంత పడిందన్నదే కాదు, ఏ వాలున పడిందన్నదీ ముఖ్యం. దూరం నుంచి వచ్చే షాట్, గోల్ ముందు అడ్డదిడ్డంగా తగిలి వచ్చే షాట్ ఒకటి కావు. ఇప్పుడు షాట్ ఎక్కడి నుంచి, ఎలా వచ్చిందో చూసి, సగటు గోల్‌కీపర్ అయితే ఎన్ని వదిలేవాడో అంచనా కట్టి, దానితో పోలుస్తున్నారు. మంచి పద్ధతే. పాత తరాలకు ఆ వివరాలు నమోదు కాలేదు, అదే బాధ.

సమయం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 2011 ఫైనల్లో వాంకూవర్ గోల్‌లో ఉండి బోస్టన్ చేతిలో లువాంగో "కూలిపోయాడు" అంటారు. అవును, రెండు మ్యాచ్‌లలో అతన్ని మధ్యలో తప్పించారు. కానీ వాంకూవర్ ఏడు మ్యాచ్‌లలో కొట్టినవి 8 గోల్స్! వారి మూడు గెలుపుల్లో రెండు 1–0తో వచ్చాయి, ఆ రెండూ లువాంగో షటౌట్లే, అంటే ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లే.

గోల్‌కీపర్ గంప్ వోర్స్లీ న్యూయార్క్ రేంజర్స్‌లో ఉన్నప్పుడు, నిన్ను బాగా ఇబ్బంది పెట్టే జట్టు ఏది అని అడిగితే "రేంజర్స్" అన్నాడు. 1963లో మాంట్రియల్‌కు వెళ్లాక అదే మనిషి నాలుగు కప్పులు గెలిచాడు.

ఇక వెజినా ట్రోఫీ సంగతి. 1980ల మొదటి వరకు దాన్ని తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోల్‌కీపర్లకే ఇచ్చేవారు. పాత విజేతల జాబితా చూసేటప్పుడు అది గుర్తుంచుకోండి. 401 గెలుపులు, మూడు కప్పులు ఉన్న క్రిస్ ఆస్‌గుడ్, 454 గెలుపులు ఉండి ఒక్క కప్పూ లేని కర్టిస్ జోసెఫ్: ఈ ఇద్దరి గొడవ తర్వాతి వీడియోలో. నా ఓటు జోసెఫ్‌కే, ముందే చెప్పేస్తున్నాను.