డైరెక్టరీ ఉంది సరే, దాని మీద డిస్కు ఉందా?
(పర్లాకిమిడిలో, లైనక్స్ వాడుతున్న తెలుగువాళ్ల కోసం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి, గుణుపూర్ నుంచి కూడా వచ్చారు. చాలా సంతోషం. మీలో డీటీపీ సెంటర్లు నడిపేవాళ్లున్నారు, ఫొటో స్టూడియోల వాళ్లున్నారు, బడిలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే మాస్టార్లున్నారు. పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసే పని నెత్తికెత్తుకున్న కుర్రాళ్లూ ఉన్నారు. దాదాపు అందరిదీ ఒకటే పద్ధతి. ఉన్న కంప్యూటర్‌లో లైనక్స్ వేసుకోవడం, దానికి ఇంకో డిస్కు తగిలించడం, విలువైనదంతా ఆ డిస్కులో పెట్టుకోవడం. ఆ డిస్కు మీ సిస్టమ్‌తో ఎక్కడ కలుస్తుంది, కలవకపోతే ఏమవుతుంది అన్నదే ఈరోజు నేను మాట్లాడే విషయం.

ఇది చిన్న సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడి ఇళ్లలో, ట్రంకు పెట్టెల్లో ఇప్పటికీ తెలుగు పుస్తకాలున్నాయి, చేతిరాత కాయితాలున్నాయి. ఏ4 సైజు పేజీని 300 డీపీఐలో రంగుల్లో, కుదించకుండా స్కాన్ చేస్తే ఒక్క పేజీ సుమారు 26 ఎంబీ అవుతుంది. 200 పేజీల పుస్తకం ఐదు జీబీ దాటుతుంది. అలాంటివి వంద చేస్తే రెండో డిస్కు లేకుండా కుదరదు. ఆ కాయితం ఇంకో పదేళ్లకు పొడి అయిపోవచ్చు. అప్పుడు మిగిలేది మీ డిస్కులో ఉన్న ఫైలే. అందుకే ఆ ఫైలు నిజంగా ఏ డిస్కులో పడుతోందో తెలియాలి అంటున్నాను.

విండోస్‌లో కొత్త డిస్కు పెడితే డీ అనో ఈ అనో కొత్త అక్షరం వస్తుంది. లైనక్స్‌లో అలా ఉండదు. అంతా ఒకటే చెట్టు, మొదలు ఒక్క స్లాష్. కొత్త డిస్కు ఆ చెట్టులో ఏదో ఒక డైరెక్టరీ దగ్గర అతుక్కుంటుంది. ఆ చోటే మౌంట్ పాయింట్. ఇది నిన్న మొన్నటిది కాదు, 1971లో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే మౌంట్ కమాండ్ ఉంది. మన నౌపడ జంక్షన్ సంగతి చూడండి. హౌరా-చెన్నై మెయిన్ లైను అక్కడ ఉంటుంది, గుణుపూర్ లైను అక్కడ కలుస్తుంది. ఒకవేళ గుణుపూర్ లైను మూసేసినా నౌపడ స్టేషను ఎక్కడికీ పోదు, బోర్డూ ప్లాట్‌ఫారమూ అలాగే ఉంటాయి. మౌంట్ పాయింటూ అంతే. డిస్కు కలిసినా కలవకపోయినా ఆ డైరెక్టరీ అక్కడే కనిపిస్తుంది. నేను చెప్పబోయే ప్రమాదమంతా ఇందులోంచే పుడుతుంది.

ముందు పేర్ల సంగతి. డిస్కులకు లైనక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు శాశ్వతం కావు. బూట్ అయ్యేటప్పుడు ఏది ముందు కనబడితే దానికి ముందు పేరు. ఈరోజు ఎస్‌డీబీగా ఉన్న పుస్తకాల డిస్కు, రేపు పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచి స్టార్ట్ చేస్తే ఎస్‌డీసీ అయిపోవచ్చు. కాబట్టి సెట్టింగులో ఆ పేరు రాయకండి. ప్రతి ఫైల్ సిస్టమ్‌కీ, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే ఏర్పాటుకీ, దాన్ని ఫార్మాట్ చేసినప్పుడే పడే ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, దాన్ని యూయూఐడీ అంటారు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో అయితే అది 32 అక్షరాలు, మధ్యలో నాలుగు హైఫన్లు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ అని కొడితే ఏ డిస్కుకు ఏ నంబరో, అది ఎక్కడ మౌంట్ అయి ఉందో చూపిస్తుంది. నంబరు చేత్తో కొట్టకండి, కాపీ చేసి పేస్ట్ చేయండి.

ఆ నంబరు రాయాల్సిన చోటు /ఎట్‌సీ/ఎఫ్‌స్టాబ్ ఫైలు. ఒక్కో మౌంట్‌కు ఒక్కో లైను, లైనులో ఆరు గళ్లు. యూయూఐడీ, మౌంట్ పాయింట్, ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు, డంప్, పాస్. ఐదోది ఇప్పుడు దాదాపు ఎవరికీ పనికిరాదు, సున్నా పెట్టేయండి. ఆరోది బూట్‌లో డిస్కును చెక్ చేసే వరస. రూట్‌కు, అంటే చెట్టు మొదలైన స్లాష్ ఉన్న డిస్కుకు, ఒకటి, మిగతావాటికి రెండు, చెక్ వద్దనుకుంటే సున్నా. మౌంట్ పాయింట్ పేరులో ఖాళీ పెట్టకండి. పెట్టక తప్పకపోతే దాని బదులు బ్యాక్‌స్లాష్ 040 రాయాలి, లేకపోతే లైను మధ్యకు తెగి గళ్లు తారుమారవుతాయి.

ఫైలు మార్చాక వెంటనే రీస్టార్ట్ చేయకండి. ముందు ఫైండ్‌ఎమ్‌ఎన్‌టీ --వెరిఫై కొట్టండి, అది మీరు రాసిన లైన్లలో తప్పులు చెబుతుంది. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్, ఆ తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో ఉన్నవన్నీ మౌంట్ చేసే మౌంట్ -ఏ. మౌంట్ -ఏ ఏ గొడవా లేకుండా పూర్తయితేనే రీస్టార్ట్ గురించి ఆలోచించండి.

ఇప్పుడు ఆప్షన్ల దగ్గర కాసేపు ఆగుదాం. మామూలుగా అందరూ డిఫాల్ట్స్ అని రాసి వదిలేస్తారు. అలా వదిలేసిన డిస్కు ఒకరోజు కేబుల్ వదులైందనుకోండి. బూట్ పనులన్నీ నడిపే సిస్టమ్‌డీ దానికోసం మామూలుగా 90 సెకన్లు చూసి, తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లో పడిపోతుంది. నల్ల తెర మీద రూట్ పాస్‌వర్డ్, అంటే అన్ని అధికారాలూ ఉన్న రూట్ అనే యూజర్ పాస్‌వర్డ్, అడుగుతుంది. ఉబుంటు లాంటివాటిలో రూట్ ఖాతాకు మామూలుగా పాస్‌వర్డే ఉండదు, కాబట్టి అక్కడ ఇంకా టెన్షన్. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్‌తో, బూట్ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైను పనిచేయకుండా దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టాలి. పాస్‌వర్డ్ ఉండి లోపలికి వెళ్లగలిగితే, రూట్ డిస్కు రీడ్-ఓన్లీగా ఉందేమో చూసుకుని, మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ కొట్టాకే ఫైలు మార్చాలి. బడిలో పరీక్ష రోజున ఇదంతా ఎవరు చేస్తారు? అందుకే డేటా డిస్కులన్నిటికీ నోఫెయిల్ అనే ఆప్షన్ రాయమంటాను. డిస్కు రాకపోయినా సిస్టమ్ లేస్తుంది.

కానీ నోఫెయిల్ రాయగానే రెండో ప్రమాదం మొదలవుతుంది. దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. అందుకే నేను దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

ఈ ప్రాంతంలోనే ఒక ఫొటో స్టూడియోలో రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో /బ్యాకప్ అనే డైరెక్టరీలోకి కాపీ నడిచేది. ఒకసారి కరెంటు పోయి వచ్చాక బ్యాకప్ డిస్కు పైకి రాలేదు. నోఫెయిల్ ఉంది కాబట్టి సిస్టమ్ లేచింది. /బ్యాకప్ డైరెక్టరీ కూడా ఎప్పటిలాగే ఉంది, కాకపోతే ఖాళీగా ఉంది. ఆర్‌సింక్‌కు ఆ తేడా తెలియదు. పెళ్లి ఫొటోలన్నీ మొదటి నుంచీ మళ్లీ కాపీ చేసింది, అదీ రూట్ డిస్కులోకే. రూట్ నిండిపోయింది. లాగిన్ అవడం కష్టమైంది, ప్రింటు ఆగిపోయింది. ఎవరో వచ్చి కేబుల్ సరిచేసి డిస్కును మౌంట్ చేశారు. ఇప్పుడు /బ్యాకప్‌లో పాత ఫైళ్లు కనబడుతున్నాయి, అంతా బాగున్నట్టే ఉంది. కానీ డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కొడితే రూట్ ఇంకా నూరు శాతం. డైరెక్టరీల సైజు లెక్కేసే డీయూతో వెతికితే అంత సైజు ఎక్కడా తేలదు.

ఎందుకంటే ఆ ఫైళ్లు మౌంట్ అయిన డిస్కు కింద కప్పబడి ఉన్నాయి. డైరెక్టరీ మీద డిస్కు కూర్చుంటే, అంతకు ముందు అందులో ఉన్నది పోదు, కనబడదు, అంతే. చూడాలంటే మౌంట్ --బైండ్ / /ఎమ్‌ఎన్‌టీ అని కొట్టి, /ఎమ్‌ఎన్‌టీ/బ్యాకప్ లోపలికి వెళ్లాలి. బైండ్‌తో రూట్ ఫైల్ సిస్టమ్ ఒక్కటే వస్తుంది, దాని మీద కూర్చున్న డిస్కులు రావు. కింద దాగినవి అక్కడ బయటపడతాయి. తీసేసే ముందు అవి ఇంకెక్కడైనా ఉన్నాయో లేవో పోల్చి చూసుకోండి. ఆ రోజుల్లో తీసిన కొత్త ఫొటోలకు అదే ఏకైక కాపీ కావచ్చు.

ఇది మళ్లీ జరక్కుండా చేయడం తేలిక. డిస్కు మౌంట్ కాకుండా ఉన్నప్పుడు, ఖాళీ డైరెక్టరీ మీద సీహెచ్‌అట్టర్ +ఐ /బ్యాకప్ అని ఒక్కసారి కొట్టండి. ఇక ఆ ఖాళీ డైరెక్టరీలో రూట్ యూజర్ కూడా ఒక్క ఫైలు సృష్టించలేడు. దాని మీద డిస్కు మౌంట్ అవడానికి మాత్రం అడ్డేమీ లేదు. డిస్కు ఉంటే పని మామూలుగా సాగుతుంది, లేకపోతే ఆర్‌సింక్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ మీకు మేలు చేసేదే. స్క్రిప్ట్ రాసుకునేవాళ్లు దాని మొదట్లో మౌంట్‌పాయింట్ -క్యూ /బ్యాకప్ అని పెట్టి, అది ఫెయిలైతే ఆపేయమని రాయండి. సిస్టమ్‌డీ సర్వీసు అయితే, ఆ డిస్కు మౌంట్ అయితేనే మొదలవమని చెప్పే రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అనే లైను ఉంది. నేనైతే సీహెచ్‌అట్టర్‌ను, స్క్రిప్ట్‌లోని చెక్‌ను రెండూ పెడతాను. మరొకరి పెళ్లి ఫొటోలు, మరొకరి తాతగారి చేతిరాత మన దగ్గర ఉన్నప్పుడు ఒక్క గొళ్లెం చాలదు.

ఇక ఇంగ్లిషు పేర్లు పెట్టేవాళ్లకు అంతగా తగలని, మన తెలుగువాళ్లకు తగిలే చిక్కు ఒకటుంది. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరం ఒక బైటు, తెలుగు అక్షరం మూడు బైట్లు. ఒత్తు, గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కే. పర్లాకిమిడి అన్న మాటకే 33 బైట్లు పడతాయి. అంటే 85 గుర్తులకు మించిన తెలుగు పేరు కుదరదు. విండోస్ డిస్కులో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, 255 గుర్తుల దాకా పడుతుంది. అందుకే పుస్తకం పేరు, రచయిత, ఊరు, సంవత్సరం అన్నీ కలిపి తెలుగులో పెట్టిన ఫైళ్లు అక్కడి నుంచి ఇక్కడికి కాపీ చేస్తుంటే మధ్యలో పేరు పొడవు ఎక్కువైందని ఆగిపోతుంది. వందల ఫైళ్లలో రెండే ఆగితే గమనించరు కూడా. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూడండి. ఈఎక్స్‌టీ4 డిస్కు లేబుల్‌కు అయితే 16 బైట్లే. కథలు అన్న పేరు పడుతుంది, పుస్తకం అన్నది పట్టదు. లేబుల్ ఇంగ్లిషులో పెట్టి, లోపల డైరెక్టరీలకు తెలుగు పేర్లు పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనబడితే ఫైళ్లు చెడలేదు. పెన్‌డ్రైవ్‌లలో మామూలుగా ఉండే ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ మౌంట్ ఆప్షన్లలో యూటీఎఫ్8 చేర్చి మళ్లీ మౌంట్ చేస్తే సరిపోతుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్ డిస్కుల్లో లైనక్స్ తరహా యజమాని, అనుమతులు మామూలుగా ఉండవు కాబట్టి వాటికి యజమాని, గ్రూపు, అనుమతులు ఏవో చెప్పే యూఐడీ, జీఐడీ, యూమాస్క్ ఆప్షన్లు ఇవ్వాలి. లేదంటే మీ డిస్కులో మీరే రాయలేని పరిస్థితి వస్తుంది. విండోస్ కూడా ఉన్న మెషీన్ అయితే అందులో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు, ఆ డిస్కును లైనక్స్ రాయనివ్వకుండా చదవడానికి మాత్రమే ఇస్తుంది, లేదా అసలు మౌంటే చేయదు.

కరెంటు గురించి కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎలా అయిపోయిందో మీరు చూసినవాళ్లే. అంత పెద్దది రాకపోయినా, వానాకాలంలో కరెంటు కోతలు మనకు కొత్త కాదు. ఈఎక్స్‌టీ4లో జర్నల్ ఉంది, అది ఫైల్ సిస్టమ్ అల్లిక చెడకుండా కాపాడుతుంది. కానీ ఇంకా మెమరీలోనే ఉండి డిస్కుకు చేరని పేజీలను అది తిరిగి తేలేదు. స్కాన్ అయిన ప్రతి పుస్తకం తర్వాత సింక్ కొట్టండి, మెమరీలో ఉన్నది డిస్కుకు చేరుతుంది. బయటి డిస్కును ఊడదీసే ముందు యూమౌంట్ చేయండి. కమాండ్ స్పెల్లింగులో ఎన్ ఉండదు, యూ తర్వాత నేరుగా ఎమ్. టార్గెట్ బిజీ అని వస్తే ఫ్యూజర్ -వీఎమ్ తర్వాత మౌంట్ పాయింట్ పేరు కొట్టండి, ఏ ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుందో చెబుతుంది. చాలాసార్లు అది మీరు అదే డైరెక్టరీలో తెరిచి ఉంచిన టెర్మినలే. బిజీ అంది కదా అని -ఎల్ పెట్టి బలవంతంగా తీయకండి. అది పేరు మాత్రమే తీసేస్తుంది, రాత వెనకాల ఇంకా నడుస్తూనే ఉండొచ్చు.

మెషీన్లు తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు తెరవండి. ఎఫ్‌స్టాబ్‌కు ముందు ఒక కాపీ తీసుకోండి. డేటా డిస్కు లైనులో యూయూఐడీ, నోఫెయిల్ ఉన్నాయో చూడండి. డిస్కును యూమౌంట్ చేసి, ఖాళీ మౌంట్ పాయింట్‌కు సీహెచ్‌అట్టర్ +ఐ పెట్టండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ఆ డిస్కు కేబుల్ కావాలనే తీసేసి స్టార్ట్ చేద్దాం. సిస్టమ్ లేవాలి, మౌంట్ పాయింట్‌లో టచ్‌తో ఒక ఫైలు పెట్టబోతే కుదరకూడదు. ఎవరిదైనా ఫైలు పడిందంటే చెయ్యి ఎత్తండి, నేను మీ దగ్గరికి వస్తాను.