పైన చల్లే పొడిలో పాలు: వీగన్ ఫ్రోజెన్ యోగర్ట్ దుకాణంపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. జంతువుల పాలు వాడకుండా ఫ్రోజెన్ యోగర్ట్, అంటే ఐస్‌క్రీమ్‌లా గడ్డకట్టించిన పెరుగు, చేసి అమ్మే ఒక చిన్న దుకాణం. అక్కడికి వెళ్లేవాళ్ల అనుభవం ఏమిటన్నదే ఈరోజు చర్చ. ఆ దుకాణం యజమాని, అక్కడి కస్టమర్లు ఇద్దరు, ఆహార సాంకేతికత బోధించే అధ్యాపకురాలు మనతో ఉన్నారు. అమ్మా, మీతోనే మొదలుపెడతాను. మీ బాబుకు పాల అలర్జీ కదా?

తల్లి: అవునండి. వాడికి ఏడేళ్లు. పార్టీల్లో పిల్లలంతా ఐస్‌క్రీమ్ తింటుంటే వీడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. 'వీగన్' అన్న బోర్డు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. లోపలికెళ్లి, వీడికి పాలు అస్సలు పడవు, ఇవ్వొచ్చా అని అడిగాను. కౌంటర్ దగ్గర అబ్బాయి 'ఇక్కడ అంతా వీగనే మేడమ్' అన్నాడు. కప్పు నింపి, పైన బిస్కెట్ పొడి చల్లి ఇచ్చాడు. ఎందుకో అనుమానం వచ్చి ఆ పొడి డబ్బా చూపించమన్నాను. దాని మీద 'పాల ఆనవాళ్లు ఉండవచ్చు' అని ఉంది. అప్పటికే బాబు చెంచా ఎత్తాడు. లాక్కున్నాను. ఇంటికెళ్లేదాకా ఏడ్చాడు.

వ్యాఖ్యాత: ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడనుకున్నారా?

తల్లి: లేదు. తనకు తెలిసిందే చెప్పాడు. నేను అడిగింది పాల గురించి, తను చెప్పింది వీగన్ గురించి. రెండూ ఒకటేనని నేనూ అనుకున్నాను.

అధ్యాపకురాలు: చాలామంది పొరబడేది అక్కడే. 'వీగన్' అన్న మాట 1944లో ఇంగ్లండ్‌లో వీగన్ సొసైటీ పెట్టినవాళ్లు తెచ్చింది. జంతువుల నుంచి వచ్చినదేదీ వాడం అన్న నియమం అది. అంటే తయారీలో ఏం కలిపారో చెబుతుంది. అదే ఫ్యాక్టరీలో, అదే మెషిన్ మీద అంతకుముందు పాల బిస్కెట్లు చేసి ఉంటే, పిసరంత పాల ప్రొటీన్ ఇందులోకి రావచ్చు. అలర్జీ ఉన్న పిల్లలకు ఆ పిసరు చాలు, ఊపిరి ఆడని స్థితి రావచ్చు.

పెద్దాయన: నాకూ పాలు పడవు, లాక్టోజ్ సమస్య. మరి నేను అంత భయపడాలా?

అధ్యాపకురాలు: మీది లాక్టోజ్ సమస్య అన్నారు కదా సార్. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర, దాన్ని అరిగించే ఎంజైమ్ మీకు తక్కువ. ఎక్కువ తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు. అంతకు మించి ప్రాణం మీదకు రాదు. బాబుది వేరు. కేసీన్ లాంటి పాల ప్రొటీన్లను వాడి శరీరం శత్రువుల్లా చూస్తుంది. 'పాలు పడవు' అని మన భాషలో రెండింటికీ ఒకే మాట వాడతాం. కౌంటర్ దగ్గర మాత్రం 'అలర్జీ' అని విడిగా చెప్పాలి.

యజమాని: ఆ రోజు నేను దుకాణంలో లేను. సాయంత్రం ఆ అబ్బాయే వచ్చి జరిగింది చెప్పాడు. తప్పు వాడిది కాదు, నాది. కప్పు ఎలా నింపాలో నేర్పాను, లేబుల్ ఎలా చదవాలో నేర్పలేదు. మర్నాడు డబ్బాలన్నీ నేల మీద పరిచి ఇద్దరం కూర్చుని చదివాం. మార్ష్‌మాలోలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్, ఒక గ్రనోలాలో, అంటే వేయించిన ఓట్స్ మిశ్రమంలో, తేనె. ఆ రెండూ అసలు వీగనే కావు! సరుకు తెచ్చేవాళ్లను నమ్మి పెట్టేశాను.

వ్యాఖ్యాత: ఇక కప్పులోని యోగర్ట్ రుచికి వద్దాం. సార్, మీకు మొదట్లో నచ్చలేదట?

పెద్దాయన: కొబ్బరిపాలతో చేసేవారు. పుల్లగా బాగానే ఉండేది గానీ, మింగాక అంగిలికి మైనం పూసినట్టుండేది. మొహమాటపడకుండా చెప్పేశాను.

అధ్యాపకురాలు: కొబ్బరి కొవ్వు దాదాపు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చల్లటి ముద్ద నోట్లో పడగానే అక్కడ వేడి తగ్గిపోతుంది, కొవ్వు గట్టిపడి అంటుకుంటుంది. కొవ్వు తగ్గిస్తే ఇంకో చిక్కు. నీళ్లు ఎక్కువై మంచు పలుకులు తగులుతాయి. ఆవుపాలలో ప్రొటీన్లు ఆ నీటిని కొంత పట్టి ఉంచుతాయి, కొబ్బరిపాలలో అంత ప్రొటీన్ ఉండదు.

యజమాని: అందుకే జీడిపప్పు కలిపి చూశాను. ఎంత నునుపు వచ్చిందో! సార్ రెండు కప్పులు తిన్నారు. కానీ జీడిపప్పు కూడా అలర్జీ పదార్థమే. ఒకరి కోసం మార్చితే ఇంకొకరు ఆగిపోవాల్సి వస్తోంది. నా మెషిన్‌కు మూడు హ్యాండిళ్లు. అప్పట్లో ఒక వైపు ఓట్స్ మిశ్రమం, ఇంకో వైపు జీడిపప్పుది ఉండేవి. మధ్యది తిప్పితే రెండూ కలిసి వచ్చేవి, పిల్లలకు ఇష్టం ఆ మెలికే. అందుకే ఇప్పుడు జీడిపప్పు మానేశాను. ఓట్స్, కొబ్బరి కలిపి తోడు వేస్తున్నాను. నునుపు కొంచెం తగ్గింది, నిజమే.

పెద్దాయన: తగ్గింది. అయినా ఫర్వాలేదు. కప్పుల మాట కూడా చెప్పనివ్వండి. కస్టమరే నింపుకున్న కప్పును తూకం వేసి అమ్మేటప్పుడు పెద్ద కప్పులు మాత్రమే పెట్టడం న్యాయం కాదు. ఎవరి చెయ్యయినా నింపుతూనే పోతుంది, బిల్లు చూశాక గతుక్కుమంటాం. చిన్న కప్పులు పెట్టాక నాలాంటి వాళ్లం నిశ్చింతగా వస్తున్నాం.

వ్యాఖ్యాత: ఫ్రీజ్ చేశాక యోగర్ట్‌లోని మంచి బ్యాక్టీరియా బతికుంటుందా మేడమ్?

అధ్యాపకురాలు: కొన్ని చస్తాయి, చాలావరకు నిద్రలో ఉన్నట్టు ఉండిపోతాయి. అయితే కొన్నిచోట్ల తోడు వేయరు, పులుపు కోసం సిట్రిక్ యాసిడ్ కలుపుతారంతే. అడిగి తెలుసుకోండి. అడిగితే చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది. ఐరోపా సమాఖ్యలోనైతే 14 రకాల అలర్జీ పదార్థాల సంగతి, ప్యాక్ చేయకుండా అమ్మే తిండికి కూడా చెప్పి తీరాలి.

తల్లి: కౌంటర్ దగ్గర నాకు కావాల్సింది ఒక్కటేనండి. 'తెలియదు మేడమ్, చూసి చెబుతాను' అనాలి. ఆ మాట వింటే నాకు టెన్షన్ సగం తగ్గుతుంది. 'అంతా సేఫే' అని చటుక్కున చెప్పేవాళ్లను చూస్తేనే భయం.

యజమాని: ఇప్పుడు డబ్బాల లేబుళ్లన్నీ కోసి ఒక ఫైల్‌లో పెట్టాం. కౌంటర్ మీదే ఉంటుంది, ఎవరైనా తిరగేయొచ్చు. కొత్త డబ్బా వచ్చిన ప్రతిసారీ పాత లేబుల్‌తో పోల్చి చూస్తాం, ఎందుకంటే కంపెనీలు మనకు చెప్పకుండా పదార్థాలు మారుస్తుంటాయి. ఒక్కో పొడికి ఒక్కో గరిట. ఇంకా తీరనిది ఒకటుంది. రద్దీ వేళ కస్టమర్లే గరిటలు మార్చేస్తారు. ఎంత చెప్పినా ఆగదు.

వ్యాఖ్యాత: మరి బాబు మళ్లీ వెళ్లాడా అమ్మా?

తల్లి: వెళ్తున్నాం. దుకాణం తెరవగానే వెళ్తాం. మెషిన్ విప్పి కడిగి బిగించాక మొదటి కప్పు వాడిదే. పైన ఏమీ చల్లించుకోడు. అలర్జీ వస్తే వెంటనే వేయాల్సిన ఇంజెక్షన్ నా బ్యాగులోనే ఉంటుంది. మేం తలుపు తీయడం చూసి ఆ అబ్బాయి ముందు చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్తాడు. వాడు వచ్చేదాకా మా బాబు కప్పు పట్టుకుని నిలబడతాడు.