సిక్సర్‌కి థ్యాంక్యూ చెప్పిన పిల్ల

అందరికీ నమస్కారం. అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, పొద్దున్నుంచి కుర్చీలు మోస్తా ఉన్న పిల్లోళ్లకి, వెనకాల ఒబ్బట్లు కాలుస్తా ఉన్న అక్కలకి నమస్కారం. వాళ్లకి నా మాట వినపడదు, కానీ వాళ్ల నెయ్యి వాసన మనకి వస్తా ఉంది కాబట్టి చెప్పాల్సిందే. ముందు వరసలో కూచున్న మన పాప, టీవీ పాటల పోటీలో చివరి ఎనిమిది మందిలోకి వచ్చిన పాప, ఆమెకి శాలువా కప్పడానికే ఈ సభ. పోటీ అయినాక మార్కెటింగ్ ఎట్ల చేసుకోవాలో పదిహేను నిమిషాలు చెప్పమని నన్ను పిలిచినారు. నేను మార్కెటింగ్ చదివినోణ్ణి కాదప్పా. మాది మదనపల్లి, ఇరవై ఎనిమిదేండ్లుగా ఈ బెంగళూరులో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తా ఉన్నా. గణేశుడి పందిళ్లు, పెండ్లిళ్లు, నవంబర్ అంతా కర్ణాటక అవతరణ పండగ, రాజ్యోత్సవాలు. నాకు తెలిసింది ఒకటే, స్టేజీ మీద కూచుంటే కింద ఎవరు వింటా ఉన్నారో, ఎవరు ఫోన్ చూస్తా ఉన్నారో కనపడుతుంది.

మా అక్క బిడ్డ కూడా ఇట్లాంటి పోటీకే పోయింది. ఏ చానలో అడగద్దు, చెప్పను. ఊర్లో ఫ్లెక్సీలు కట్టినారు, మా బావ స్నేహితులు ఒక్కొక్కరు నాలుగు ఫోన్లతో ఓట్లేసినారు. మన తెలుగోళ్లకి ఓటెయ్యడం కొత్త కాదులే, శ్రీరామచంద్ర 2010లో, రేవంత్ 2017లో హిందీ ఇండియన్ ఐడల్ గెలిచినప్పుడు మన ఇండ్లల్లో ఎంత సంబరమో గుర్తుంది కదా. మేం ఏమనుకున్నామంటే ఓటేసినోళ్లంతా రేపు టికెట్ కూడా కొంటారని. అదే తప్పు. ఓటు మా ఊరి పిల్ల అని వేస్తారు, ఫైనల్ అయిన మరుసటి రోజుకి ఆ వేడి దిగిపోతుంది. మా పిల్ల ఐదో స్థానంలో బయటికొచ్చింది, మూడు వారాలకి ఫోన్ మోగడం ఆగిపోయింది.

అప్పుడు ఒక కంపెనీ వచ్చింది. పేరొద్దు. డిజిటల్ ప్రమోషన్ అన్నారు, బ్రాండింగ్ అన్నారు, రెండు లక్షలు అన్నారు. మా బావ పొలం కౌలు డబ్బులు తెచ్చి ఇచ్చినాడు. వాళ్లు చేసిన మొదటి పని పిల్ల చీర తీసేసి జీన్స్ జాకెట్ వేయించడం. జీన్స్ మీద నాకేం కోపం లేదు, నా కూతురూ వేస్తాది. కానీ ఈ పిల్ల గొంతు సుశీలమ్మ పాటల గొంతు, నిదానంగా, తేనె కారినట్ల పాడతాది. దానితో డీజే రీమిక్స్ పాడించినారు. టార్గెట్ ఆడియన్స్ పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగంట! ఎవరు చెప్పినారు సామీ మీకు?

ఇంక ఆ ఇందిరానగర్ పబ్బు సంగతి చెప్తా, ఇది చెప్పకపోతే నాకు అన్నం అరగదు. ఏప్రిల్, శనివారం రాత్రి, కీబోర్డు నేనే. స్టేజీకి ఎదురుగా గోడంత టీవీ, అందులో ఆర్సీబీ మ్యాచ్, సౌండ్ మాత్రం తీసేసినారు. పిల్ల పల్లవి పాడింది, ఎవరూ తల ఎత్తలే. చరణంలో పైకి పోయే చోటు ఒకటుంది, వారం రోజులు ప్రాక్టీస్ చేసింది, సరిగ్గా ఆ చోట హాలంతా లేచి నిలబడి ఈలలు, అరుపులు. పిల్ల మొహం చూడాల, వెలిగిపోయింది! పాట ఆపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, వంగి, "థ్యాంక్యూ, థ్యాంక్యూ సో మచ్" అనింది. టీవీ ఆమె వీపు వైపుంటే బాగుండేది, ఎదురుగా ఉండాది కదా, తల ఎత్తినాక చూసింది. సిక్సర్. మిగతా పాట ఎట్ల పాడిందో ఆ దేవుడికే తెలియాల. నేను కీబోర్డు మీద నుంచి తల ఎత్తలే. కార్లో ఎలక్ట్రానిక్ సిటీ వరకు ఒక్క మాట లేదు.

ఆ రాత్రి ఇంట్లో నా కొడుకు ఆమె యూట్యూబ్ స్టూడియో తెరిచినాడు, చానల్ ఉన్నోళ్లకి లెక్కలు చూపించే పేజీ అది. అందులో ఆడియన్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, చూసేవాళ్ల వయసు, ఆడా మగా, ఏ ఊరు, ఏ టైముకి చూస్తారు, ఫోన్లోనా టీవీలోనా అన్నీ చూపిస్తుంది, రూపాయి ఖర్చు లేదు. కంపెనీ తీసిన రీమిక్స్‌ని జనం పది సెకన్లకే వదిలేసి పోయినారు. అంతకు ముందు మా అక్క వంటింట్లో ఫోన్ గోడకి ఆనించి తీసిన పాత పాట, వెనకాల కుక్కర్ విజిల్ కూడా ఉంది దాంట్లో, దాన్ని చివరి దాకా విన్నారు. ఎవరు? నలభై ఐదు దాటిన ఆడవాళ్లు. ఎక్కువమంది టీవీలో. పొద్దున ఆరు గంటలకి. దీపం పెట్టే టైము! రెండు లక్షలు పోసి కొన్న జవాబు తప్పు, సరైన జవాబు ఊరికే లోపల పడి ఉంది.

కార్యదర్శి గారు చీటీ పంపినారు, ఐదు నిమిషాలే ఉందంట. సరే.

2009లో బ్రిటన్‌లో సూసన్ బాయిల్ అని ఒకామె టాలెంట్ షోకి వచ్చింది, యాభైకి దగ్గరపడిన మనిషి, షోలో గెలవలేదు, రెండో స్థానం. ఆమెని వయసు పిల్లలాగా తయారుచేసి అమ్మలేదు, ఆమె పాడే తీరుకే నిదానమైన పాటల ఆల్బమ్ చేసి నవంబర్లో, క్రిస్మస్ ముందు వదిలినారు. అమెరికాలో మొదటి వారమే ఏడు లక్షల కాపీలు పోయినాయి. సీడీ కొనే అలవాటు ఇంకా ఉన్నోళ్లు ఎవరు? పెద్దోళ్లు. పండక్కి అమ్మకి ఏం కొందామని చూసేదెవరు? పిల్లలు. మన దగ్గర సరేగమ వాళ్లు 2017లో కారవాన్ అని పాత రేడియోలాంటి పెట్టె తెచ్చినారు, ఐదు వేల పాటలు లోపలే, ఇంటర్నెట్ లేకుండా బటన్ తిప్పితే చాలు. అది కూడా పిల్లలు కొని అమ్మానాన్నకి ఇచ్చే వస్తువే. వినేది ఒకరు, డబ్బు తీసేది ఇంకొకరు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

పాత సినిమా గాయకుడు పీబీ శ్రీనివాస్ గారికీ వినేవాళ్లు అనుకోని చోటే దొరికినారు. కాకినాడలో పుట్టిన మనిషి, తెలుగులోనూ మంచి పాటలే పాడినారు, కానీ నెత్తిన పెట్టుకున్నది ఈ కన్నడం వాళ్లు. సినిమాల్లో కన్నడ హీరో రాజ్‌కుమార్ గారి గొంతంటే ఆయనే. తర్వాత రాజ్‌కుమార్ గారే సొంతంగా పాడుకోవడం మొదలుపెట్టినా పీబీ గారిని మర్చిపోలే. ఇప్పటికీ పందిట్లో ఆయన పాట ఎత్తుకుంటే ముసలాయన ఒకరు కర్ర పట్టుకుని ముందుకి వస్తాడు, నేను చూస్తానే ఉంటా.

మా పిల్లని ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, మారతహళ్లి, బెళ్లందూర్, వైట్‌ఫీల్డ్. అపార్ట్‌మెంట్లు. కొడుకో కూతురో ఐటీలో, ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో అమ్మానాన్న వచ్చి పద్నాలుగో అంతస్తులో మనవణ్ణి చూసుకుంటా ఉంటారు. కన్నడం రాదు, పక్కింటోళ్లు తెలియదు. షష్టిపూర్తులు, వరలక్ష్మి వ్రతాలు, శ్రీరామనవమికి క్లబ్‌హౌస్‌లో పానకం పంచేటప్పుడు గంటన్నర పాట. మొదటి ప్రోగ్రాంలో ఒక పెద్దమ్మ ఒకే పల్లవి మూడుసార్లు పాడించుకుని, నాలుగోసారి తానే ఎత్తుకుంది, శ్రుతి తప్పింది, మా పిల్ల ఆమె శ్రుతికే దిగి పాడింది. ఎనిమిది వేలు ఇచ్చినారు, అడ్వాన్స్ లేదు, అయినా కార్లో పిల్ల ఇల్లొచ్చే దాకా మాట్లాడతానే ఉండింది.

పాపా, నీకు రెండు మాటలు. పోటీ వాళ్లు ఇచ్చే అగ్రిమెంట్ చదివి సంతకం పెట్టు, మేం చదవలే, ఏడాది పాటు వాళ్ల పర్మిషన్ లేకుండా బయట పాడలేకపోయినాం. రెండోది, సినిమా పాట కవర్ చేసి, అంటే మన గొంతుతో మళ్లీ పాడి, యూట్యూబ్‌లో పెడితే యాడ్ డబ్బులు మామూలుగా పాట హక్కులున్న కంపెనీకి పోతాయి, అందుకని వ్యూస్ చూసి అప్పు చేయద్దు.

ఆ, వస్తున్నా సార్, లేచినారు కదా మీరు, అయిపోయింది. బయట ఒబ్బట్ల పక్కన టేబుల్ మీద నోటుబుక్ ఒకటి పెట్టినా. ఇంట్లో పెద్దోళ్లుంటే వాళ్లకి ఇష్టమైన పాట ఒకటి, మీరుండే ఏరియా రాసి పోండి. పెన్ను దారంతో కట్టేసినా, పోయినసారి ఎవరో జేబులో వేసుకుపోయినారు.