మధ్యలో స్తంభం కావాలా?

శ్రోతలకు నమస్కారం.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇప్పుడు ధాన్యం గోదాము అన్నా, జీడిపప్పు ఫ్యాక్టరీ అన్నా ఇనుప షెడ్డే. ముక్కలన్నీ వేరేచోట తయారై లారీలో దిగుతాయి, ఇక్కడ బోల్టులతో బిగిస్తారు. కట్టించేవాళ్లు మొదట అడిగేది ఇనుము కిలో ఎంత అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మధ్యలో స్తంభం కావాలా, అక్కర్లేదా?

స్తంభం లేకపోతే లారీ లోపలే తిరుగుతుంది, యంత్రాలు ఎటైనా జరుపుకోవచ్చు. కానీ అడుగుకి పడే బరువు అంతే ఉన్నా, షెడ్డు వెడల్పు రెట్టింపైతే దూలాన్ని వంచే బలం నాలుగింతలవుతుంది. దాంతో ఇనుము ఎక్కువ పడుతుంది. బస్తాలు పేర్చే గోదాముకి నడిమి స్తంభాలు పెద్ద అడ్డేం కావు, వేయించుకోండి, డబ్బు మిగులుతుంది. వరి మిల్లుకి మాత్రం యంత్రాల కొలతలు చేతికి వచ్చేదాకా ఆగండి.

స్తంభం కింద సన్నగా, పైకి వెళ్లేకొద్దీ వెడల్పుగా ఉంటే కంగారు పడకండి. దూలం వచ్చి కలిసే మూల దగ్గరే వంచే బలం ఎక్కువ, అందుకే ఇనుము అక్కడ పెడతారు. గోడకి ఆనించి అరలు పెట్టుకునేవాళ్లు నిటారు స్తంభాలు అడగండి.

ఇక గాలి. మన కోస్తాలో డిజైనుకి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. గాలి గోడల్ని నెడుతుంది, పైకప్పుని పైకి పీకుతుంది కూడా.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లాక పర్లాకిమిడి దగ్గర మా మేనమామ గోదాము చూశాను. రేకులు చాలావరకు ఉన్నాయి. స్తంభాలే వరసగా ఒకే పక్కకి ఒరిగాయి. పక్కగోడలో రెండు స్తంభాల మధ్య అడ్డంగా గుణకారం గుర్తులా రాడ్లు ఉండేవి. లారీకి దారి కావాలని అంతకుముందే వాటిని విప్పించాడు. షెడ్డు నిడివి వెంట వచ్చే తోపుని ఆపేవి ఆ రాడ్లే. విప్పినవి గోడవారన తుప్పు పట్టి పడున్నాయి, చివరి మరలకి రాసిన గ్రీజు ఇంకా ఆరలేదు. వాటిని చేత్తో పట్టుకుని, "ఇన్నాళ్లూ షెడ్డుని నిలబెట్టింది ఇవేరా" అన్నాడు మామయ్య.

దారి కావాలంటే రాడ్లు తీసేయనక్కర్లేదు. ఆ స్తంభాల మధ్య ద్వారబంధంలా గట్టి ఇనుప చట్రం డిజైను చేయించి బిగించవచ్చు. మామయ్య తర్వాత అదే చేయించాడు. ఇప్పుడు ధాన్యం లారీ దాని కిందనుంచే లోపలికి వెళ్తోంది.