మెదడు తరంగాల శిక్షణతో మద్యం మానిపించొచ్చా? బెంగళూరు స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరులో మత్తు మాన్పించే డీఅడిక్షన్ కేంద్రాల ప్రకటనల్లో ఇప్పుడు న్యూరోఫీడ్‌బ్యాక్, అంటే మెదడు తరంగాల శిక్షణ, మాట వినిపిస్తోంది. దానికి ఫీజు విడిగా కట్టాలా అని ఇళ్లవాళ్ల ప్రశ్న. మేడమ్, కట్టాలా?

న్యూరోఫీడ్‌బ్యాక్ నిపుణురాలు: ముందు అదేంటో చెప్పనివ్వండి. తలమీద ఒక ఎలక్ట్రోడు, చెవులకు క్లిప్పులు. లోపలికి కరెంటు పంపం, మెదడు తరంగాలు చదువుతామంతే. 12 నుంచి 15 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్నిసార్లు ఊగే తరంగం పెరిగితే తెరమీద బొమ్మ కదులుతుంది, తగ్గితే ఆగుతుంది. దాంతో నిలకడ వచ్చాకే కళ్లు మూయించి ఆల్ఫా, థీటా అనే నెమ్మది తరంగాల శిక్షణ...

మనోవైద్యుడు: అది సరే, రుజువు...

నిపుణురాలు: అక్కడికే వస్తున్నా. 1989లో పెనిస్టన్, కుల్‌కోస్కీ అనే పరిశోధకులు మద్యం వదల్లేనివాళ్ల మీద చేసి చూపించారు. 2005లో స్కాట్ బృందం అమెరికాలో ఒక పునరావాస కేంద్రంలోని 121 మందిని తీసుకుంది. 40 నుంచి 50 సెషన్లు. పూర్తి చేసినవాళ్లలో 77 శాతం ఏడాది తర్వాత కూడా మత్తు ముట్టలేదు. ఈ శిక్షణ లేని రెండో గుంపులో 44!

వ్యాఖ్యాత: అంటే పెట్టిన డబ్బుకు ఫలితం ఉన్నట్టేగా?

మనోవైద్యుడు: ఆగండి. 'పూర్తి చేసినవాళ్లలో' అన్నారు. మధ్యలో వెళ్లిపోయినవాళ్ల సంగతేంటి? 1989 నాటి పనిలో శిక్షణ పొందింది పదిమందే. ఉత్తుత్తి సెషన్ ఇచ్చి పోల్చిన గుంపు కూడా...

నిపుణురాలు: 2005లో రెండో గుంపుకు అంతే సమయం అదనపు థెరపీ ఇచ్చారు డాక్టరు గారూ!

మనోవైద్యుడు: ఇచ్చారు. కానీ యంత్రం మీద నమ్మకం వల్ల వచ్చే మేలు అలా తేలదండీ.

నిపుణురాలు: శిక్షణ పొందినవాళ్లు కేంద్రంలో ఎక్కువ రోజులు నిలిచారు. పారిపోకుండా ఉండటమే సగం వైద్యం కాదా?

కౌన్సెలర్: మేడమ్, మొదటి వారం సంగతి కూడా చెప్పాలి. తాగుడు మానిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. చేతులు వణుకుతుంటాయి, చెమటలు పడతాయి. అది తగ్గించే లోరాజెపామ్ మందు ఇస్తే బీటా అనే వేగమైన తరంగాలు పెరుగుతాయి. అప్పుడు తీసిన రీడింగ్ చూసి శిక్షణ మొదలుపెడితే తప్పుదారే.

నిపుణురాలు: నేనూ అదే అంటున్నా! డీటాక్స్, అంటే ఒంట్లోంచి మత్తు దిగే దశ, ముగిశాకే మొదలుపెట్టాలి. తలకు కొబ్బరినూనె ఉంటే ఇంపీడెన్స్, అంటే చర్మం దగ్గర సిగ్నల్‌కు ఉండే అడ్డు, దిగదు. చర్మం శుభ్రంగా రుద్ది, పేస్టు పెట్టి 5 కిలో ఓమ్‌ల లోపు తేవాలి. పళ్లు బిగిస్తే కండరాల అలజడి బీటాలా కనిపిస్తుంది. కళ్లార్పితే థీటాలా. పక్కన ఛార్జరు ఉంటే కరెంటు లైను 50 హెర్ట్జ్ రొద. ఆపరేటరు గమనించకపోతే పేషెంటు పళ్లు కొరకడమే నేర్చుకుంటాడు.

వ్యాఖ్యాత: ఇంట్లో వాడే హెడ్‌బ్యాండ్ కొంటే ఖర్చు తగ్గదా?

కౌన్సెలర్: దాన్ని ఎవరు చూసుకుంటారండీ? అది చేతికొచ్చిందని మాత్రలు...

మనోవైద్యుడు: అదే నా భయం! తాగుడు మానడానికి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ ఆపేస్తారు. డైసల్ఫిరామ్ ఆపేస్తారు. ఇది వాటికి తోడు, వాటి బదులు కాదు. మనిషి ఇష్టం కూడా ఉండాలి, మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017...

వ్యాఖ్యాత: చట్టం తర్వాత, డాక్టరు గారూ. ఫీజు విడిగా కట్టాలా, వద్దా?

నిపుణురాలు: ఆ మాటకొస్తే, సగంలో ఆపితే కట్టినదంతా వృథా. పది సెషన్లకే ఫలితం రాలేదని...

మనోవైద్యుడు: మరి ముందే ఎన్ని చెప్పాలి? 40 అని రాసివ్వండి!

నిపుణురాలు: రాసిస్తాం! 30కి తగ్గకుండా అంటాం, రోజూ రీడింగ్ చూపిస్తాం...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మేడమ్, అరనిమిషం మీదే.

నిపుణురాలు: ఇళ్లవాళ్లు ముందు ఒకటి అడగండి. రీడింగ్‌లో కండరాల అలజడిని ఎలా వేరు చేస్తున్నారు? జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. వస్తే మాత్రం...