ఇంట్లో ఉంటూనే మత్తు నుంచి బయటపడటం

అందరికీ నమస్కారం. ఇవాళ తాగుడు, డ్రగ్స్ అలవాటు మానుకోవడం గురించి మాట్లాడుకుందాం, అందులోనూ ఎక్కడో సెంటర్‌లో నెలల తరబడి ఉండకుండా, ఇంట్లో ఉంటూ, పనికి వెళ్తూ, వారానికి రెండు మూడు సార్లు దగ్గర్లో ఉన్న క్లినిక్‌కో గ్రూప్‌కో వెళ్లి తీసుకునే ట్రీట్‌మెంట్ గురించి. ఈ మాట ఎత్తగానే ఇంట్లోవాళ్లు అనేది ఒకటే, "ఇంట్లో ఉంటే మానతాడా అండీ, ఎక్కడైనా పడేస్తే తప్ప!" అని. వాళ్లని తప్పుపట్టలేం, ఏళ్ల తరబడి విసిగి వేసారిపోయి ఉంటారు. కానీ సెంటర్‌లో మందు దొరకదు కాబట్టి తాగరు, బయటికొచ్చాక మళ్లీ అదే వీధి, అదే ఫ్రెండ్స్, అదే జీతం రోజు, ఆ సాయంత్రాలు మందు లేకుండా ఎలా గడపాలో అక్కడెవరు నేర్పుతారు? అది ఉన్నచోట ఉండే నేర్చుకోవాలి, అందుకే ఇంటి దగ్గర నుంచి చేసే ట్రీట్‌మెంట్‌ని తక్కువరకం అనుకోవద్దని నా మనవి.

అయితే ముందు ఒక జాగ్రత్త, ఇది దయచేసి శ్రద్ధగా వినండి. రోజూ బాగా తాగే మనిషి, పొద్దున లేవగానే చేతులు వణికిపోతూ ఒక పెగ్గు పడితేగానీ షర్ట్ గుండీలు పెట్టుకోలేని మనిషి, ఎవరికీ చెప్పకుండా ఇవాళ్టి నుంచి బంద్ అని ఒక్కసారిగా ఆపేయకూడదు. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి, మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, 2 నుంచి 4 రోజుల మధ్య కొంతమందికి లేని మనుషులు కనిపిస్తారు, ఎక్కడున్నారో తెలియదు, అది ప్రాణాల మీదకి వచ్చే పరిస్థితి. ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లు, లివర్, గుండె జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, నిద్రమాత్రలకి కూడా అలవాటుపడ్డవాళ్లు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్లు, వీళ్లకి ఆ మొదటి రోజులు ఆస్పత్రిలోనే గడవాలి. మిగతావాళ్లలో చాలామందికి డాక్టర్ చూస్తూ, వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే మాత్రల డోస్ మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇస్తూ ఇంట్లోనే దాటించొచ్చు.

ఆ వారం దాటాక అసలు పని మొదలవుతుంది. కౌన్సెలర్ దగ్గర మొదట్లో జరిగేది ఉపదేశం కాదండీ, లెక్క తీయడం. ఏ టైమ్‌కి తాగాలనిపిస్తుంది, ఎక్కడ ఉన్నప్పుడు, పక్కన ఎవరు, జేబులో డబ్బు ఉందా, ఆకలితో ఉన్నారా, ఇంట్లో గొడవ అయిందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాస్తారు. రాస్తే తెలుస్తుంది, రోజంతా కాదు, పని అయిపోయి ఇంటికి బయల్దేరే ఆ గంటే ప్రమాదం. దానికి తగ్గట్టు ప్లాన్ వేస్తారు, బయల్దేరే ముందే కడుపునిండా ఏదైనా తినడం, వైన్ షాప్ లేని దారిలో రావడం, జీతం రోజున ఇంట్లోవాళ్లని తోడు తెచ్చుకోవడం, నాలుక పీకేస్తుంటే ఫోన్ చేయడానికి ఒక నంబర్. ఆ కోరిక అల లాంటిది, లేస్తుంది, సాధారణంగా అరగంట లోపే దిగిపోతుంది. అప్పటిదాకా ఏదో ఒకటి చేస్తూ గడిపేస్తే చాలని తెలిసినప్పుడు మనిషి ముఖంలో వచ్చే ధైర్యం చూడాలి, ఎందుకంటే అప్పటిదాకా తాగేవరకూ అది పోదనే అనుకుంటారు.

మందులు కూడా ఉన్నాయి, చాలామందికి తెలియదు. తాగాలనే యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి డాక్టర్ రాస్తారు. డైసల్ఫిరామ్ అని ఇంకొకటి ఉంది, అది వేసుకుని తాగితే వాంతులు, గుండె దడ వస్తాయి, దాన్ని మనిషికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి, ప్రాణం పోవచ్చు. హెరాయిన్ లాంటి వాటికి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ ఇస్తారు, "ఒక మత్తు తీసి ఇంకో మత్తు అంటించారు" అని చుట్టాలు అంటారు గానీ, సరైన డోస్‌లో అది మనిషిని పనికి వెళ్లేలా నిలబెడుతుంది, చావు ముప్పు తగ్గిస్తుంది. కొన్నాళ్లు హెరాయిన్ మానేసి మళ్లీ పాత డోస్‌లోనే దాన్ని ఎక్కించుకుంటే శరీరం తట్టుకోలేదు, చాలా ప్రాణాలు అలాగే పోతున్నాయి.

ఇక గ్రూప్. 1935లో అమెరికాలో అక్రన్ అనే ఊళ్లో, బిజినెస్ దెబ్బతిని హోటల్‌లో ఉన్న బిల్ విల్సన్‌కి తాగాలనిపించింది, బార్‌లోకి వెళ్లకుండా ఫోన్లు చేసి తనలాగే తాగుడుతో బాధపడే ఇంకో మనిషి కోసం వెతికాడు, అలా దొరికిన డాక్టర్ బాబ్ స్మిత్‌తో కూర్చుని గంటల తరబడి మాట్లాడాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని ఒకరి సంగతి ఒకరు చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే గ్రూప్ అలా పుట్టింది. ఎదుటివాడికి తన సంగతి తెలుసు అనే నమ్మకం డాక్టర్లమో కౌన్సెలర్లమో ఇవ్వలేం. కొత్తగా వచ్చినవాళ్లు తలుపు పక్కన కూర్చుని, చెప్పులు కూడా విడవకుండా, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోతారు, పర్లేదు, వినడానికి వచ్చినా వచ్చినట్టే.

మధ్యలో మళ్లీ తాగితే? తాగుతారు, చాలామంది తాగుతారు. బీపీ, ఆస్తమా పేషెంట్లకి మళ్లీ తిరగబెట్టినట్టే ఇదీ తిరగబెడుతుంది, అప్పుడు బీపీ పేషెంట్‌ని ఎవరూ సిగ్గులేనివాడా అనరు కదా. అలా జరిగితే సిగ్గుతో అపాయింట్‌మెంట్ మానేయకుండా మర్నాడే వెళ్లి జరిగింది చెప్పండి, ఆ కాగితంలో ఇంకో గీత చేరుతుంది, ప్లాన్ మారుతుంది.

ఆడవాళ్లలోనూ తాగుడు, మాత్రల అలవాటు ఉంది, పిల్లల్ని వదిలి సెంటర్‌లో ఉండలేక, బయటపడితే ఏమంటారో అని దాచుకుంటారు. వాళ్లకి ఇలాంటి ట్రీట్‌మెంట్ మరీ అవసరం.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. తాగి ఉన్నప్పుడు వాదించకండి, పొద్దున మత్తు దిగాక, ఇద్దరూ నిమ్మళంగా ఉన్నప్పుడు మాట్లాడండి. తాగని రోజున ఆ సంగతి గమనించినట్టు చెప్పండి, వాళ్ల తాగుడు అప్పులు మీరు తీర్చకండి. కొట్టడం దాకా వస్తే ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటికి వెళ్లిపోండి, మిగతాది తర్వాత. మనిషి ట్రీట్‌మెంట్‌కి రానంటే మీరొక్కరే క్లినిక్‌కి వెళ్లండి, పేషెంట్ లేకుండా వచ్చారేమని అనరు, ఇంట్లో ఎలా మాట్లాడాలో మీకు నేర్పడం దగ్గర్నుంచే పని మొదలుపెడతారు.