చిప్ప దొరికితే సముద్రం పొంగినట్టేనా? రాజమండ్రి రాళ్లు చెప్పే అసలు కథ

[చేతిలో సున్నపురాయి ముక్క, కెమెరాకు దగ్గరగా]

ఇది చూడండి. రాయి నిండా ఆల్చిప్పలే. వేలితో తడిమితే అంచులు గరుగ్గా తగులుతున్నాయి. గౌరీపట్నం, దుద్దుకూరు, కాతేరు చుట్టుపక్కల నల్లరాయి క్వారీల్లో, కింద ఒక లావా పొర, పైన ఒక లావా పొర, మధ్యలో ఇలాంటి పొరలు ఉంటాయి. ఈ రాయి ఎవరికి చూపించినా ఒకటే మాట: "అప్పట్లో సముద్రం పొంగి ఇక్కడిదాకా వచ్చేసిందండీ." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. అలా అనేస్తే కథ మొదలవకముందే ముగించేసినట్టు.

ఒక్క చిప్పతో ఏదీ తేలదు. దాని కింద ఏముంది, పైన ఏముంది అన్నది చూడాలి.

రాజమండ్రి నుంచి అంతర్వేది బస్సు ఎక్కారనుకోండి. జొన్నాడ బ్రిడ్జి కింద ఏటి ఇసుక. రావులపాలెం దాటితే ఒండ్రు మట్టి. రాజోలు దిగువకు వెళ్లేకొద్దీ నేల బురదగా, ఉప్పగా మారుతుంది. సముద్రం దగ్గరపడ్డాక ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట ఆల్చిప్పలు. ఆఖరి స్టాపు బీచ్. అది కూడా దాటితే సముద్రం అడుగున మెత్తటి బురద.

ఇప్పుడు తీరం మెల్లగా రావులపాలెం వైపు జరుగుతోందనుకోండి. స్టాపులన్నీ దానితోపాటే జరుగుతాయి. రావులపాలెంలో ఒండ్రు మీద ఉప్పు బురద పడుతుంది, దాని మీద ఆల్చిప్పలు, ఆ పైన సముద్రపు బురద. కొన్ని లక్షల ఏళ్ల తర్వాత అక్కడ బోరు వేస్తే, కింది నుంచి పైకి అదే బస్సు రూటు, అదే వరసలో నిలువుగా కనిపిస్తుంది! జర్మన్ శాస్త్రవేత్త యొహానెస్ వాల్తర్ 1894లో చెప్పిన సూత్రం ఇదే. వరస తిరగబడి ఉంటే తిరుగు బస్సు అన్నమాట, అంటే తీరం వెనక్కి వెళ్లింది.

నాకు బాగా ఇష్టమైన భాగం ఇప్పుడొస్తుంది. ఒక్కోసారి మధ్యలో స్టాపు ఉండదు. ఏటి ఇసుక మీద నేరుగా సముద్రపు బురద కనిపిస్తుంది. బస్సు జొన్నాడ నుంచి ఎగిరి సముద్రంలో దిగదు కదా! మధ్య పొరలు ఏర్పడి కోసుకుపోయి ఉండాలి, లేదా చాలాకాలం అక్కడ ఏమీ పేరుకోకుండా ఉండాలి. లేని పొర కూడా సాక్ష్యమే.

సరే, క్వారీకి వద్దాం. ఈ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి వైపు నుంచి, పాత నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చింది. మధ్యలో లావా ఆగింది. ఆ విరామంలో ఇక్కడ నది సముద్రంలో కలిసేది. ఈ చిప్పలు ఆ కాలానివి. అదే పొరల్లో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు కూడా దొరికాయి. వాటిలో కొన్ని, డైనోసార్లు అంతరించిన వెంటనే కొత్తగా పుట్టుకొచ్చిన రకాలు. పొర వయసు తేల్చడానికి ఇంతకంటే మంచి గుర్తు ఏం కావాలి?

మరి సముద్రం పొంగిందా? సముద్రమట్టం పెరగడం, తగ్గడం నిజమే. కానీ కోనసీమ కింద బోర్లు వేస్తే కిలోమీటర్ల మందాన పొరలున్నాయి. వాటిలో చాలా భాగం లోతులేని నీళ్లలో పేరుకున్నవే. నీళ్లు లోతుగా లేకుండా అంత మందం ఎలా వస్తుంది? అడుగు కుంగుతూ ఉంటే వస్తుంది. రోడ్డు కుంగుతోంది, నది దాని మీద మట్టి పోస్తూనే ఉంది, బస్సు అదే ఎత్తులో నడుస్తోంది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. అడుగు ఎందుకు కుంగింది? సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పుతీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది. అప్పుడు సాగి పలచబడ్డ నేల, చల్లారేకొద్దీ కుంగింది. తూర్పు కనుమల రాళ్లకు జోడీ రాళ్లు ఇప్పటికీ తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి. ఇక విడిపోయాక మన నేల ఎక్కడ ఉండేదో ఈ లావాయే చెబుతుంది. లావా చల్లారేటప్పుడు దాంట్లోని ఇనుప ఖనిజాలు ఆనాటి అయస్కాంత క్షేత్రం వాలును పట్టేసుకుంటాయి. భూమధ్యరేఖ దగ్గర ఆ వాలు ఉండదు, ధ్రువాల దగ్గర నిట్టనిలువు. ఆ లెక్క కడితే, ఈ నల్లరాయి గడ్డకట్టినప్పుడు రాజమండ్రి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. ఆ వాలు ఎలా కొలుస్తారో వచ్చే వీడియోలో చూద్దాం.